ఇన్‌కమింగ్ అవసరం లేదు

రఘునందన్ గారు అండర్ సెక్రటరీగా రిటైరై ఏళ్ళు గడిచినా, ఇంట్లోకి ఇంగువ డబ్బా కావాలన్నా మూడు కొట్లలో వాకబు చేయందే చెయ్యి జేబులోకి పోదు. ద్వారకాలోని వాళ్ళ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద ఒక మూల గిన్నెలు పెట్టడానికి వీల్లేదు. అక్కడ ఆయన ఫైలు అట్ట, స్కేలు, ఎర్ర పెన్సిలు ఉంటాయి.

"మనకేం కావాలో ముందు తేల్చాలి అన్నపూర్ణా. అది తేలకుండా ధర చూడ్డం దండగ. తేలాక, అది ఇవ్వగలిగిన వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి తక్కువ చెప్పినవాడికి ఆర్డరు. వాడే ఎల్-వన్. ఇక అందులో నా ఇష్టం లేదు, నీ ఇష్టం లేదు."

అన్నపూర్ణేశ్వరి ఈ మాట వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు విన్నది, తన కంటి ఆపరేషన్‌కి డాక్టర్ని వెతికినప్పుడు విన్నది, కూతురి పెళ్ళికి వంటవాళ్ళని మాట్లాడినప్పుడూ విన్నది. విని విని, అందులో ఉన్న ఒక సుఖం కూడా ఆమెకి తెలిసొచ్చింది. నెపం ఎల్-వన్ మీదకి తోసేస్తే ఏ పనికీ మనిషి జవాబు చెప్పుకోనక్కర్లేదు.

ఈసారి టేబుల్ మీదకి వచ్చింది ఈ-సిమ్. ఢిల్లీలోని తెలుగు పెన్షనర్లు కొందరు కలిసి వియత్నాం వెళ్తున్నారు. టూరు నడిపే సాయిప్రకాష్ అన్నీ తానే చూసుకుంటానన్నాడు గానీ, ఫోన్లో ఇంటర్నెట్ మాత్రం ఎవరిది వాళ్ళే ఏర్పాటు చేసుకోవాలన్నాడు. చిప్పు మార్చే పని లేదట. కంపెనీవాడు పంపే చదరపు బొమ్మని ఫోను కెమెరాకి చూపిస్తే అదే లోపలికి దిగుతుందట. రఘునందన్ గారు ఆ సంగతి విన్న మర్నాడే తెల్లకాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టారు.

అన్నపూర్ణేశ్వరికి గుబులు పట్టుకున్నది విమానం గురించి కాదు, కస్తూరి గురించి.

కస్తూరి మినిస్ట్రీలో స్టెనోగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు రామకృష్ణపురం సర్కారీ క్వార్టర్లలో ఇద్దరివీ ఎదురెదురు గుమ్మాలు. ఇప్పుడు ఒకరు ద్వారకా, ఒకరు మయూర్ విహార్. ఊరికి ఆ చివరొకరు, ఈ చివరొకరు. ఒకే మెట్రో లైను, దిగకుండా పోవచ్చు. అయినా మోకాళ్ళు ఒప్పుకోక రాకపోకలు తగ్గాయి. తగ్గనిది ఫోను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కస్తూరి తన మీటల ఫోన్లోంచి చేస్తుంది, అన్నపూర్ణేశ్వరి మంచం మీద వాలి వింటుంది. ఏ కూర వండారు, ఎవరి కోడలు ఏమంది, డీడీఏ వాళ్ళు నీళ్ళు ఎప్పుడు వదిలారు. ఏళ్ళుగా అదే.

కిందటి ఏడాది నుంచి కస్తూరి మాట ముద్దగా రావడం మొదలైంది. నోట్లో అటుకులు పెట్టుకుని మాట్లాడినట్టు ఉండేది. డాక్టర్లు నరాల జబ్బన్నారు. చేతులూ కాళ్ళూ ప్రస్తుతానికి బానే ఉంటాయి, ముందు పోయేది గొంతేనన్నారు. కస్తూరికి దగ్గరివాళ్ళెవరూ లేరు. ఇంట్లో ఒక గది ప్రత్యూషకి అద్దెకిచ్చింది. ఆ పిల్ల ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగ్‌కి వెళ్తుంది. పగలు చూసుకోవడానికి ఒక ఆయా వస్తుంది.

ప్రయాణానికి ముందు వారం ఒక మధ్యాహ్నం కస్తూరి ఫోను.

"పూర్ణా, విను. నీతో ఒకటి చెప్పాలి. మాట పోయేలోగా చెప్పాలి."

అన్నపూర్ణేశ్వరి లేచి కూర్చుంది. "ఇప్పుడేం తొందర? రేపో ఎల్లుండో నేనే వస్తాగా."

"వస్తావు, నా మొహం చూస్తావు, కొంగు నోట్లో కుక్కుకుంటావు, బాత్రూములోకి పోతావు. నువ్వు బయటికొచ్చేసరికి నా రైలు కదిలిపోతుంది. నిన్ను నేనెరగనా?"

ఎరుగును. ఢిల్లీ తెలుగువాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరై సామాన్లతో హైదరాబాదో విజయవాడో వెళ్ళిపోయే కుటుంబాన్ని సాగనంపడానికి తెలిసినవాళ్ళంతా స్టేషనుకి పోతారు. పులిహోర పొట్లాలు కిటికీలోంచి అందిస్తారు. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారమ్ మీద ఉంటారు. అన్నపూర్ణేశ్వరి ఒక్కరిని కూడా సాగనంపలేదు. తెల్లారగట్ల లేచి పులిహోర కలిపేది, భర్త చేతికిచ్చి పంపేది, తాను మాత్రం తలనొప్పని పడుకునేది. ఎవరి చివరి మాట తాను విన్నా, ఆ మనిషి ఆమెకి దక్కకుండా పోయారు. అమ్మ ఆస్పత్రి మంచం మీద చెయ్యి పట్టుకుని నాన్నకి మందులు ఎలా ఇవ్వాలో చెప్పింది, సాయంత్రానికి లేదు. అన్నయ్య మిలిటరీ ట్రక్కు ఎక్కుతూ జాగ్రత్తలు చెప్పాడు, మనిషి తిరిగి రాలేదు. చెప్పాల్సింది మిగిలున్నంతకాలం మనిషి ఎక్కడికీ పోరన్నది ఆమె మనసులో ఎవరికీ చెప్పని లెక్క.

"నీ పులిహోర నాకొద్దు" అంది కస్తూరి. "నువ్వు అక్కడ వియత్నాంలో ఉండగా చెప్తాను. దూరంగా ఉంటావు, పరిగెత్తుకొచ్చి నా గదిలో ఏడవలేవు. నాక్కూడా ధైర్యంగా ఉంటుంది. నా ఫోను అక్కడ మోగుతుందా?"

"ఏమో. ఆయన ఏదో చూస్తున్నారు."

"అన్నయ్యగారిని అడుగు. మోగేది తీసుకోమను. నాకు ఆ వాట్సాప్‌లూ అవీ చేత కావు, నంబరు నొక్కితే మోగాలి, అంతే. రోజులు లేవు పూర్ణా. నీతో తప్ప ఇంకెవరితోనూ చెప్పుకోలేను."

ఫోను పెట్టాక అన్నపూర్ణేశ్వరి మళ్ళీ మంచం మీద వాలలేదు. ఏమై ఉంటుంది ఆ మాట? ఆస్తి సంగతి కాదు, అలాంటివి కస్తూరి ఆయన ముందే మాట్లాడుతుంది. ఎప్పటిదో కోపమా? ఏదైనా ప్రేమ సంగతా? తనమీదేనా? ఆలోచిస్తున్నకొద్దీ, తెలుసుకోవాలన్న ఆత్రం కన్నా వినాల్సి వస్తుందేమోనన్న భయమే పెద్దదైంది.

మర్నాడు పొద్దున కాఫీలయ్యాక రఘునందన్ గారు కాగితం ఆమె ముందుకి తిప్పారు.

"ఇదిగో, మూడు ఆఫర్లు. మొదటి రెండూ ఈ-సిమ్‌లు. డేటా ఒక్కటే. మ్యాపులు, ఫొటోలు, వాట్సాప్, అన్నీ నడుస్తాయి. మన ఇండియా నంబరు మాత్రం ఆఫ్‌లో ఉంటుంది. మూడోది మన కంపెనీ రోమింగ్ ప్యాకు. మన నంబరు మనకే పనిచేస్తుంది. ఇక్కణ్ణుంచి ఎవరు చేసినా మామూలుగా మోగుతుంది. ఖరీదు ఎక్కువ."

"అయితే ఎల్-వన్ మొదటిదేగా."

"అక్కడే పొరపడతారు జనం! ముందు అవసరం తేలాలి. ఇన్‌కమింగ్ కావాలని నువ్వంటే, మొదటి రెండూ పోటీలోనే ఉండవు. మూడోదొక్కటే మిగుల్తుంది, దానికే ఆర్డరు. ఖర్చు గురించి నువ్వు ఆలోచించకు. కావాలా? నాకు రిటైరయ్యాక ఎవడు చేస్తాడు ఫోను. అడుగుతున్నది నీ సంగతి. కస్తూరి రోజూ చేస్తుందిగా?"

అన్నపూర్ణేశ్వరి కాఫీ గ్లాసులో అడుగున మిగిలిన నురగ చూస్తూ కూర్చుంది. అవునంటే చాలు. ఆయన ఎర్ర పెన్సిల్‌తో మూడో వరస మీద గుర్తు పెడతారు.

"అది పదిరోజులు ఆగలేదా? టూరులో తిరుగుతూ ఫోన్లేం మాట్లాడతాం."

"ఆలోచించి చెప్పు. తర్వాత నన్ననకూడదు. ఇన్‌కమింగ్?"

"అవసరం లేదండీ."

ఆయన రాసుకున్నారు. ఒక్క గీతతో మూడో వరస కొట్టేశారు. ఆమె గుండెల మీంచి బరువు దిగింది. ఆ దిగడంలో సిగ్గు కూడా కొంచెం ఉంది గానీ, చేసింది తాను కాదు కదా, ఎల్-వన్ కదా.

ఆ మధ్యాహ్నం కస్తూరి అడిగింది. "ఏమన్నారు అన్నయ్యగారు? మోగుతుందా?"

"ఎందుకు మోగదే? నంబరు అదేగా."

"హమ్మయ్య. అయితే నువ్వెళ్ళిన రెండో రోజు చేస్తాను. మొదటి రోజు నువ్వు అలిసిపోయి ఉంటావు." ముద్దగానే నవ్వింది. "ఈ లోపల నేను రిహార్సలు వేసుకోవాలి. స్టెనోగా బతుకంతా ఒకళ్ళు చెప్పింది రాసుకోవడమే అయింది. నా మాట నేను చెప్పడం అలవాటు లేదు."

ఆ నవ్వు అన్నపూర్ణేశ్వరిని విమానాశ్రయందాకా వెంటాడింది. చెకిన్ అయ్యాక అందరూ కుర్చీల్లో కూలబడితే, రఘునందన్ గారు ఆమె ఫోను తీసుకున్నారు. ఇంట్లోనే దింపిపెట్టిన ఈ-సిమ్‌ని ఇప్పుడు ఆన్ చేసి, ఇండియా నంబరు ఆఫ్ చేయాలి. ఆయన కళ్ళద్దాలు సర్దుకుంటుండగా ఫోను మోగింది. తెర మీద పేరు రాలేదు. మయూర్ విహార్ ఇంట్లోని ఆయా నంబరు అది. దాన్ని ఆమె సేవ్ చేసుకోలేదు గానీ చివరి అంకెలు చూసి పోల్చింది. కస్తూరి ఫోన్లో ఛార్జింగ్ లేకపోతే దాంతోనే చేస్తుంది.

"ఎవరో చేస్తున్నారు. ఎత్తుతావా?"

"ఎవరో లోన్ ఇస్తామనేవాళ్ళు. రోజూ చంపుతున్నారు. మీరు మార్చెయ్యండి."

"మోగుతుండగా ఎలా..."

"మార్చెయ్యండీ, మళ్ళీ బోర్డింగ్ మొదలవుతుంది."

ఆయన నొక్కారు. మోత మధ్యలో తెగిపోయింది. తెర మీద ఆమె నంబరు బూడిదరంగులోకి పోయి, దాని కింద ఏదో విదేశీ కంపెనీ పేరు వెలిగింది. "చూశావా, రెండు నిమిషాల పని" అన్నారాయన సంబరంగా. ఆమె బాత్రూముకని లేచి వెళ్ళి, కుళాయి తిప్పి, అద్దం చూడకుండా చేతులు కడుక్కుంటూ నిలబడింది.

వియత్నాం బాగుంది. లాంతర్ల ఊళ్ళో నది మీద పడవెక్కారు. ఎక్కడ చూసినా పూలు, సైకిళ్ళు, గొడుగు టోపీలు. ఈ-సిమ్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. అన్నపూర్ణేశ్వరి తీసిన ఫొటోలన్నీ ఢిల్లీ తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ప్రత్యూష కూడా ఉందన్నది ఆమెకి గుర్తులేదు. వాళ్ళమ్మ ఢిల్లీ వదిలి వెళ్ళిపోతూ తన బదులు కూతురి నంబరు చేర్చి పోయింది.

మధ్యాహ్నం భోజనం వేళకి మాత్రం ఆమెకి ముద్ద దిగేది కాదు. మోగని ఫోను బ్యాగులో బరువుగా తోచేది. ఇక్కడి గడియారం ఢిల్లీ కన్నా గంటన్నర ముందన్న లెక్క కట్టి, ఇప్పుడు నొక్కుతూ ఉంటుంది, ఇప్పుడు మానేసి ఉంటుంది అనుకునేది. సాయంత్రం దాటితే కాస్త ఊపిరాడేది. ఇంకో రోజు కస్తూరి చెప్పకుండా గడిచింది, ఇంకో రోజు కస్తూరి ఉంది.

పడవ దిగుతుండగా ప్రత్యూష దగ్గర్నుంచి మెసేజి. తెరిస్తే చదివినట్టు అవతల తెలుస్తుందని ఆమె నేర్చుకుంది. అందుకని తెరవలేదు. పైన కనపడ్డ రెండు వరసలే చదివింది. ఆంటీ, కస్తూరి ఆంటీ రోజూ మీకు ట్రై చేస్తున్నారు, కలవట్లేదు. ప్లీజ్, సాయంత్రం నా ఫోనుకి వాట్సాప్ కాల్ చేయగలరా, చాలా...

ఆ తర్వాత ఏముందో పైకి కనపడలేదు. చాలా ఏమిటి? చాలా అడుగుతున్నారా? చాలా బాలేదా? వేలు తెర మీదకి పోయి ఆగింది. భర్త వెనకనుంచి పిలిచారు. "అన్నపూర్ణా, ఇలా నిలబడు, లాంతర్లు వెనక పడాలి." ఆమె నిలబడింది. నవ్వింది. ఆ ఫొటో కూడా గ్రూపులో పెట్టింది.

మెసేజి తెరిచింది తిరుగు ప్రయాణంలో, విమానం ఢిల్లీలో దిగాక. అప్పటికి దాని కింద ఇంకొకటి చేరింది. కస్తూరికి గుటక మింగుడుపడక ఊపిరాడలేదని, ఆస్పత్రిలో చేర్చారని, గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టారని. ప్రాణానికి ఫర్వాలేదు. మాట ఇక రాదు.

సామాన్లు ఇంట్లో పడేసి ఇద్దరూ తిన్నగా ఆస్పత్రికి వెళ్ళారు. గది చిన్నది. కస్తూరి దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ దగ్గర తెల్లటి పట్టీ, గొట్టం. జుట్టు దువ్వి ఉంది. కళ్ళు మాత్రం ఎప్పటి కళ్ళే. మంచం పక్క ప్రత్యూష, ఒళ్ళో అకౌంట్సు పుస్తకం. దుప్పటి మీద ఒక ప్యాడు, పెన్ను.

"కస్తూరీ" అంది అన్నపూర్ణేశ్వరి. ఈసారి బాత్రూములోకి పోలేదు. చెయ్యి పట్టుకుంది. కస్తూరి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

ప్రత్యూష లేచి కుర్చీ ఇచ్చింది. ఆ పిల్లకి దాచుకోవడం తెలియదు.

"ఆంటీ డైలీ మీకు చేసేది. ఆ రికార్డెడ్ లేడీ వచ్చేది కదా, నంబర్ బంద్ హై అని. మొదట్లో కట్ చేసేసేది. ఒక రోజు నాకు క్లాస్ లేదు, ఇంట్లోనే ఉన్నాను. ఆంటీ డయల్ చేసి, ఆ లేడీతోనే మాట్లాడ్డం మొదలుపెట్టింది. లైన్ కట్ అయ్యేది, మళ్ళీ డయల్, మళ్ళీ ఆగినచోటి నుంచి మాట్లాడేది. మై తో హస్ రహీ థీ, జోక్ చేస్తోందనుకుని నవ్వాను. తర్వాత చూస్తే ఏడుస్తోంది. ఆ రాత్రే చోక్ అయింది."

"ఏం చెప్పింది?" అన్నపూర్ణేశ్వరి కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఏం చెప్పిందమ్మా?"

"సమఝ్ మే నహీ ఆయా, ఆంటీ. అర్థం కాలేదు."

"నీకు తెలుగు వచ్చుగా!"

"వచ్చు, అంటే, అన్నం తిన్నావా, ఎప్పుడొస్తావ్, అలాంటివి. ఆంటీ ఫాస్ట్‌గా, ఆ క్లియర్‌గా లేని వాయిస్‌తో, చాలాసేపు మాట్లాడింది. మీ పేరు వచ్చింది. చాలాసార్లు. ఇంకేం తెలీలేదు. మీరు కాల్ చేస్తారు, మళ్ళీ మీకు చెప్తుందిలే అనుకున్నా." ఆ పిల్ల పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "కానీ ఆంటీ, కాల్స్ ఎందుకు రాలేదు? మా మామ దుబాయ్ వెళ్తే రోమింగ్ తీసుకుంటాడు, నార్మల్‌గా రింగవుతుంది. గ్రూప్‌లో మీ ఫొటోలు వస్తూనే ఉన్నాయి కదా."

"అక్కడ మా ఫోన్లు... దేశం వేరు కదమ్మా, వాళ్ళ కంపెనీలు..."

రఘునందన్ గారు అంతసేపూ కిటికీ దగ్గర నిలబడ్డారు. పద్ధతి గురించి తప్పుమాట వింటే ఊరుకునే మనిషి కాదు.

"లేదు లేదు, అలా చెప్పకు. రింగయ్యే ప్లాను ఉంది. నేను ఈవిడ ముందు పెట్టాను కూడా. కస్తూరి రోజూ చేస్తుందిగా, ఇన్‌కమింగ్ కావాలా అని పేరు పెట్టి మరీ అడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఖర్చు గురించి ఆలోచించొద్దన్నాను. అవసరం లేదంది. నా వైపు లోపమేం లేదు."

ఆయనకి తాను చెప్పింది ఏమిటో ఇంకా తెలియలేదు. నిజం నమోదైందన్న తృప్తితో జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

కస్తూరి రఘునందన్ గారి వంక చూసింది, తర్వాత అన్నపూర్ణేశ్వరి వంక చూసింది. చెవులకి ఏ జబ్బూ లేదు.

"కస్తూరీ, నేను... నువ్వు చెప్పేస్తే..." అన్నపూర్ణేశ్వరి దుప్పటి మీది ప్యాడు అందుకుని ఆమె ఒళ్ళో పెట్టింది. పెన్ను తెరిచి వేళ్ళ మధ్య ఇరికించింది. "రాయవే. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావో రాయి. ఎంతైనా రాయి. ఇక్కడే కూర్చుంటాను, మొత్తం చదువుతాను. తిట్టైనా సరే."

కస్తూరి పెన్ను సరిగ్గా పట్టుకుంది. స్టెనోగా ఏళ్ళు పనిచేసిన చెయ్యి, కాస్తయినా వణకలేదు. నిదానంగా, గుండ్రటి అక్షరాలతో ఒక వరస రాసింది. అన్నపూర్ణేశ్వరి వంగి చూడబోయింది. రాసింది హిందీలో. కస్తూరి ప్యాడు ఎత్తి, ఆమె భుజం మీదుగా, మందులు తెచ్చిన నర్సుకి చూపించింది.

నర్సు చదివింది. మొహమాటపడుతూ హిందీలోనే చెప్పింది. "అమ్మాయి ఒక్కతి ఉంటే చాలంటున్నారు. మీరిద్దరూ వెళ్ళవచ్చునట."

"ఒక్క మాట, కస్తూరీ. ఒక్కటి."

కస్తూరి పెన్నుకి క్యాపు పెట్టింది.

"పద, విజిటింగ్ టైం కూడా అయిపోవచ్చింది" అన్నారు రఘునందన్ గారు. "రేపు రావచ్చు."

నర్సు తలుపు పట్టుకుని నిలబడింది. అన్నపూర్ణేశ్వరి కారిడార్లోకి వచ్చింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. లోపల పెన్ను కాగితం మీద గీస్తున్న చప్పుడు, గబగబా, పెద్ద వరసలు. తనకి ఒక్క మాట రాయని కస్తూరి ఆ పిల్లకి రాస్తోంది. చప్పుడు ఆగింది. ప్రత్యూష చదివినట్టుంది. పకాలుమని నవ్వింది.